ఇస్త్రీలో పోయాయి

మా పెద్దమ్మ మెడకి ఊళ్ళో పేరుండేది. నగల వల్ల కాదు, ఆవిడ నగలు పెట్టుకోదు. కుడి చెవి కింద, జుట్టు మొదలయ్యే చోట, బొటనవేలు పట్టేంత జాగా ఒకటుంది. దారాల కొట్టులో ఏ కండె చేతికిచ్చినా ఒక పోగు లాగి ఆ జాగాలో ఆనించి, కళ్ళు సగం మూసి, "ఉన్నే" అనో "ఉన్ని కాదు, ప్లాస్టిక్కు" అనో తేల్చేసేది. అసలు ఉన్ని అక్కడ సన్నగా గుచ్చి, వెంటనే వెచ్చబడుతుందట. యాక్రిలిక్ దారం ఎంత మెత్తగా ఉన్నా చర్మం మీద పరాయిదానిలా పడుంటుందట. మిగతావాళ్ళు కొట్టు బల్ల మీదున్న రేకు పళ్ళెంలో పోగు కొస కాల్చి చూసుకునేవాళ్ళు. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన వేసి బూడిదవుతుంది. యాక్రిలిక్ అయితే కరిగి నల్లపూసలా గడ్డకడుతుంది. పెద్దమ్మ ఆ పళ్ళెం వైపు చూసి, "కొట్టు తగలబెట్టడానికొచ్చారా, దారం కొనడానికొచ్చారా తల్లీ!" అనేది. ఆడవాళ్ళంతా నవ్వేవాళ్ళు. అగ్గిపుల్ల పట్టుకున్నావిడ కూడా నవ్వేది, తప్పక.

చేతిపనుల గురించి రాసేవాళ్ళకి ఒక జబ్బుంది. "వేళ్ళకి తెలుసు" అంటారు. "తరతరాల జ్ఞానం చర్మంలో ఇంకిపోయింది" అంటారు. చర్మం ముసలిదవుతుంది. ఆ సంగతి మాత్రం ఎవరూ రాయరు. కింద రాసేదంతా పెద్దమ్మ నోటితో చెప్పిందే. తనని తాను తిట్టుకున్న చోట్ల కొంచెం కోత పెట్టాను, అంతే.

వాళ్ళ ముందుగదిలో కిటికీ పక్కన పొడుగాటి బల్ల, దాని మీద అల్లిక మిషను. రెండు వందల సూదులు వరసగా ఉంటాయి. ఒక్కో సూదికి చివర కొక్కెం, కొక్కేనికి మూతపడే చిన్న నాలుక. పైన బండి. దాన్ని ఎడమ నుంచి కుడికి తోస్తే చర్రుమని ఒక వరస, కుడి నుంచి ఎడమకి తోస్తే ఇంకో వరస. చూసేవాళ్ళు పనంతా తోయడమే అనుకుంటారు. సగం పని దారం ఎంచడంలోనే అయిపోతుంది. చేత్తో అల్లేవాళ్ళయితే లావు దారానికి లావు పుల్లలు తీసుకుంటారు. మిషను సూదులు మారవు. లావు దారం కొక్కెంలో పట్టక బండి నడిమధ్య మొరాయిస్తుంది. నూగున్న దారం పక్క సూదిని పెనవేసుకుంటుంది. ముడి వస్తే నాలుక విరుగుతుంది. బలం లేని దారం తెగిందంటే అప్పటిదాకా అల్లిందంతా కింద వేలాడే బరువులతో సహా ధబ్బుమని ఒళ్ళో పడుతుంది.

"సంబంధం చూసినట్టు చూడాలి దారాన్ని" అనేది పెద్దమ్మ.

"నన్ను మాత్రం చూడకుండానే చేసుకుంది" అనేవాడు పెద్దనాన్న, అదే గదిలో రెండో మూల నుంచి. ఆయన గడియారాలు బాగుచేసేవాడు. కంటికి భూతద్దం బుడ్డి పెట్టుకుని తల ఎత్తకుండానే మాటలు విసిరేవాడు.

లావు, ముడి, బలం, ఇవన్నీ వేళ్ళతో తెలిసేవే. ఇంకొకటుంది, అదే చిక్కు. ఉన్నియా, యాక్రిలిక్కా అన్నది మిషనుకి అక్కర్లేదు. నున్నగా, గట్టిగా ఉంటే ఏదైనా తింటుంది. ఆ తేడా ఇస్త్రీపెట్టెకి కావాలి. ఉన్ని అల్లిక మీద తడిగుడ్డ వేసి వేడిపెట్టె ఒత్తితే వరసలు కుదురుకుని, ఆరాక మళ్ళీ దగ్గరపడుతుంది. యాక్రిలిక్‌కి అదే వేడి తగిలితే సాగి, మెరిసి, వాలిపోతుంది, మళ్ళీ లేవదు. ఆ పనిలో ఉన్నవాళ్ళు "దారం చచ్చిపోయింది" అంటారు. ఇంకో మాట వాడరు. చచ్చిన దారానికి మందు లేదు.

ఇస్త్రీ పెద్దమ్మ చేసేది కాదు. గుండీలమ్మ చేసేది. రెండు వీధుల అవతల నుంచి వచ్చే మనిషి, పెద్దమ్మ కంటే పదేళ్ళు చిన్న. గుండీలు కుట్టడంతో మొదలుపెట్టింది కాబట్టి ఆ పేరు. గుండీ కింద దారాన్ని కాడలా నాలుగు చుట్లు చుట్టి ముడేసేది. స్వెటరు చిరిగి పాతగుడ్డ అయ్యాక కూడా ఆ గుండీలు వేలాడుతూ ఉండేవి. తర్వాత ఇస్త్రీ కూడా తనకే వచ్చింది. మా పెద్దమ్మ దగ్గరే కాదు, ఇద్దరు దర్జీలకీ, ఒక యూనిఫారాల కొట్టుకీ చివరి ఇస్త్రీ చేసిపెట్టేది. మాట తక్కువ. ఒకే ఒక వింత అలవాటు, సాయంత్రం వెళ్ళేటప్పుడు కింద పడ్డ దారం తుంటలు రెండు మూడు ఏరి కొంగున ముడేసుకునేది. "దేనికే?" అంటే, "దిండులోకి అక్కా" అనేది. అప్పుడప్పుడూ ఒక అల్లిక చేతిలోకి తీసుకుని, "దీనికి ఇస్త్రీ వద్దక్కా, ఊరికే తడిపి ఆరేద్దాం, బాగుంటుంది" అనేది. పెద్దమ్మ "నీ ఇష్టం" అనేది. పనిమనిషి చాదస్తం అనుకుని వదిలేసేది.

ఇక సిగ్గుపడాల్సిన మొదటి సంగతి. పెద్దమ్మ మెడ అప్పటికే ఏడాది నుంచీ పలకడం లేదు. పోగు ఆనిస్తే పోగు ఆనినట్టు కూడా తెలిసేది కాదు. వయసో, ఏళ్ళ తరబడి అదే చోట రాపిడో. డాక్టరుకి చూపించే విషయమా అది? ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోతే పోయె, కొట్టుకి వెళ్ళినప్పుడల్లా పోగు లాగి, మెడకి ఆనించి, కళ్ళు సగం మూసి, తీర్పు చెబుతూనే ఉంది. తీర్పు ఎక్కడి నుంచి వచ్చేదంటే, కొట్టాయన చేతుల్లోంచి.

ఆ కొట్టాయన్ని సాలీడు అనేవాళ్ళు. చుట్టూ దారాలు, మధ్యలో కదలని మనిషి. ఆయన మంచి ఉన్ని కండెని రెండు చేతులతో పొదివి అందించేవాడు, యాక్రిలిక్ కండెని ఒక చేత్తో తోసేవాడు. తనకే తెలియని అలవాటు. పెద్దమ్మ కనిపెట్టేసింది. ఏడాదిపాటు ఆ చేతులు చూసి మెడతో చెప్పింది.

ఆ యేడు పాటల టీచరుగారు వచ్చింది. పన్నెండు మంది పిల్లలతో పాటల బృందం నడిపేది. పోటీ ఉంది, అందరికీ ఒకే రకం మీగడరంగు స్వెటర్లు కావాలి. "ఉన్నివే కావాలండీ. ఆ హాలు గడ్డకట్టేంత చల్లగా ఉంటుంది, పిల్లలు వణికితే గొంతు వణుకుతుంది" అంది.

పెద్దమ్మ కొట్టుకి వెళ్ళింది. మీగడరంగులో మిల్లు మిగులు కండెలున్నాయి, చీటీలు ఊడిపోయాయి. సాలీడు ఒకటి తీసి రెండు చేతులతో అందించాడు.

"ఇది ఏమిటో నాకూ తెలీదమ్మా, మీరే చెప్పాలి" అన్నాడు.

పెద్దమ్మ పోగు లాగింది, ఆనించింది, ఏమీ తెలియలేదు. రెండు చేతులు కదా అనుకుంది.

"ఉన్నే" అంది.

"మీరన్నాక ఇంకేముంది" అన్నాడు సాలీడు, పళ్ళెం పక్కకి జరిపి.

ఆయన కుడి మణికట్టు బెణికి వారమైంది. చొక్కా చేతి లోపల పట్టీ కట్టుకుని ఉన్నాడు. ఆ వారమంతా సూదుల డబ్బా కూడా రెండు చేతులతోనే అందించాడు. పట్టీ సంగతి పెద్దమ్మకి మర్నెల్లో తెలిసింది.

దారం మిషను మీద ఎక్కించాక అంతా పండగే. ఒక్క ముడి లేదు, ఒక్క నూగు లేదు. బండి వెన్న మీద జారినట్టు జారింది. పదిరోజుల్లో పన్నెండూ అయిపోయాయి. మిషనుకి అంతకన్నా తగిన దారం పెద్దమ్మ తన జన్మలో చూడలేదు. అది నిజం కూడా. ఆ పదిరోజులూ గుండీలమ్మ లేదు, వాళ్ళమ్మని ఆసుపత్రిలో చేర్చి దగ్గరుంది. కూర్పు కుట్లు పెద్దమ్మే వేసుకుంది.

టీచరు వస్తానన్న రోజుకి ముందురోజు పొద్దున్న గుండీలమ్మ వచ్చింది. తనే ఎప్పుడో ఏరి దాచుకున్న చెక్కగుండీలు తెచ్చింది, బాదంగింజ రంగువి, స్వెటరుకి ఆరు చొప్పున. మధ్యాహ్నానికల్లా కుట్టేసింది. అప్పుడు ఇస్త్రీపెట్టె వేడెక్కించి, ఒక స్వెటరు పరిచి, చేత్తో రాసి ఆగింది.

"అక్కా, ఒక పోగు కాల్చి చూద్దామా?"

ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ అనలేదు అంతవరకూ. పెద్దనాన్న కంటి బుడ్డి తీశాడు.

"ఏం, నా మెడ మీద నమ్మకం పోయిందా నీకు?" అంది పెద్దమ్మ.

"అది కాదక్కా. నేను ఊళ్ళో లేను కదా, దారం చూడలేదు."

"చూసి నువ్వేం చేస్తావే? నువ్వు గుండీలు కుట్టిన రోజుల నుంచీ నేను దారాలు చూస్తున్నాను. కానివ్వు, రేపు పొద్దున్నే వస్తుందావిడ."

గుండీలమ్మ తడిగుడ్డ వేసి ఒత్తింది. గుడ్డ తీసి చూసి, ఆ స్వెటరు చేతుల మీద వేసుకుని కిటికీ దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఇది మెరుస్తోంది. అంచు సాగింది. ఆపేద్దాం, ఇదొక్కటేగా పోతే పోయింది."

పెద్దమ్మ ముట్టుకుంది. వేడిగా, తడిగా ఉంది, ఏ దారమైనా అలాగే ఉంటుంది. ఇక్కడ రెండో సంగతి. ఆవిడకి అనుమానం వచ్చింది. "వచ్చిందా, వచ్చిందని ఇప్పుడనిపిస్తోందా?" అని అడిగాను. "వచ్చింది. అప్పుడే వచ్చింది" అంది. కానీ అప్పుడు ఆపితే అగ్గిపుల్ల గీయాలి. అగ్గిపుల్ల గీస్తే, ఏడాదిగా తను ఏం చేస్తోందో బయటపడుతుంది.

"ఉన్ని వేడి మీద అలాగే సాగుతుంది. ఆరాక దగ్గరపడుతుంది. అన్నీ చేసెయ్" అంది.

గుండీలమ్మ చేసింది. చెప్పిన పని చేయడం తన పని.

పొద్దున్నకి పన్నెండూ ఆరాయి. తీగ మీద తడిసిన కాగితాల్లా వేలాడుతున్నాయి. మణికట్టు పట్టీలు వెడల్పుగా తెరుచుకుని, భుజాలు జారి, లోపలి మనిషి ఊడిపోయినట్టు. పట్టుకుని లాగితే లాగినంత వచ్చి అక్కడే ఉండిపోతున్నాయి. టీచరుగారు గుమ్మంలోనే ఆగిపోయింది. తర్వాత దగ్గరికొచ్చి ఒక స్వెటరు చెయ్యి పైకెత్తింది, వదిలింది.

"ఇదేమిటండీ? ఏమైంది వీటికి?"

పెద్దమ్మ నోరు తెరిచింది. ఏం చెప్పాలో అనుకోలేదట, మాటే వచ్చేసిందట.

"ఇస్త్రీలో పోయాయండీ."

ఈ వాక్యాన్ని నేను చాలాసార్లు తిప్పి చూశాను. అందులో అబద్ధం లేదు. పోయింది ఇస్త్రీలోనే. ఎవరి పేరూ లేదు. మన భాషలో ఉన్న వసతే అది. చేసినవాడు లేకుండా పని జరిగిపోతుంది. గ్లాసు పగిలిపోతుంది, పాలు పొంగిపోతాయి, మాట జారిపోతుంది. కానీ ఆ గదిలో ఇస్త్రీపెట్టె పక్కన నిలబడి ఉన్న మనిషి ఒక్కతే. టీచరుగారి కళ్ళు నేరుగా అటే వెళ్ళాయి. పెద్దమ్మ కళ్ళు కూడా వెళ్ళాయి. అది మూడో సంగతి. నోరు జారితే జారింది, కళ్ళు ఎందుకు అటు తిప్పానని ఇప్పటికీ కుములుతుంది.

"అంత వేడి పెడతారా అమ్మా ఎవరైనా? చూసుకోవద్దూ?" అంది టీచరుగారు గుండీలమ్మతో.

గుండీలమ్మ పెద్దమ్మ వైపు చూసింది. ఒక్క క్షణం. పెద్దమ్మ స్వెటర్లు మడతపెడుతోంది. గుండీలమ్మ ఏమీ అనలేదు. టీచరు వెళ్ళాక తీగ చుట్టి, బల్ల తుడిచి, "పెట్టె చల్లారిందక్కా, లోపల పెట్టాను" అని వెళ్ళిపోయింది. ఆ రోజు తుంటలు ఏరుకోలేదు.

పెద్దమ్మ చేయాల్సిన పనులన్నీ చేసింది, చేయాల్సిన ఒక్కటి తప్ప. పోటీ వాయిదా పడి కలిసొచ్చింది. పాత నమ్మకమైన ఉన్ని, చీటీ ఉన్నది, కొని పన్నెండూ మళ్ళీ అల్లింది. వేరే గుండీలు కుట్టింది, ఊరికే తడిపి ఆరేసింది. పిల్లలు పాడారు, గెలిచారో లేదో నాకు గుర్తులేదు. టీచరుగారు మాత్రం ఊరంతా చెప్పింది. "పెద్దావిడ ఎంత మంచిదండీ, ఒక్క మాట అనలేదు ఆవిణ్ణి. మళ్ళీ కూర్చుని అల్లింది పాపం!"

ఇద్దరు దర్జీల్లో ఒకడు ఇస్త్రీ మాన్పించాడు. రెండోవాడు ముందు పాతబట్టలు ఇచ్చి చూశాడు, తర్వాత అవీ మానేశాడు. యూనిఫారాల కొట్టువాళ్ళు "చెప్తాంలే" అన్నారు. కొట్టులో ఎవరో, "గుండీలమ్మ కాదు, మాడ్పులమ్మ" అన్నారు. అందరూ నవ్వారు. పెద్దమ్మ అక్కడే ఉంది. నవ్వలేదు. నవ్వకపోవడం కూడా మంచితనం కిందే జమైంది.

"పన్నెండు పోయాయి సరే, పదమూడోది ఎవరిది?" అన్నాడు పెద్దనాన్న ఒకరోజు.

"ఏం పదమూడు?"

"ఆ అమ్మాయి పేరు. అదీ ఇస్త్రీలోనే పోయిందా?"

"ఆ బుడ్డి తీసి మాట్లాడండి ముందు."

"తీస్తే నువ్వు దగ్గరగా కనబడవు. గడియారం తప్పు చూపిస్తే గోడని తిట్టేవాళ్ళని నా పనిలో చాలామందిని చూశాను. ఇంట్లోనే ఉంటారనుకోలేదు."

పెద్దమ్మ మర్నాడు కూర్చుని గుండీలమ్మ కొలతకి ఒక మంచి ఉన్ని స్వెటరు అల్లింది. ముదురు నీలం, గుండీలు ఇంకా పెట్టలేదు. ఎదురింటి పిల్లతో పంపింది. క్షమాపణ నోటితో రానివాళ్ళు వస్తువులు పంపుతారు. వస్తువు మాట్లాడుతుందని వాళ్ళ ఆశ. మూడోరోజు స్వెటరు తిరిగొచ్చింది. గుండీలు కుట్టి ఉన్నాయి, ఆరూ, కింద నాలుగు చుట్ల కాడతో సహా. "కుట్టడానికి పంపారనుకుందట" అంది ఎదురింటి పిల్ల. గుండీలమ్మ అలా అనుకోలేదని పెద్దమ్మకి తెలుసు. ఆ స్వెటరు పెట్టె అడుగున పెట్టి, దాని మీద దుప్పటి కప్పింది.

మూడు నెలలు అలా గడిచాయి. కొట్టుకి వెళ్ళినప్పుడల్లా మెడ మీద చెయ్యి వేసుకుని, "చలి, ఇవాళ మెడ పలకదు" అని తప్పించుకునేది. చీటీ ఉన్న కండెలే కొనేది.

ఒకరోజు మధ్యాహ్నం కొట్టు నిండా జనం. టీచరుగారు కూడా ఉంది, వచ్చే ఏటి పిల్లలకి టోపీలట. సాలీడు చీటీలేని తెల్ల కండె ఒకటి తీశాడు.

"ఆగండాగండి" అంది టీచరుగారు. "పెద్దావిడ ఉండగా మనకెందుకు? మీరు చెప్పండి. మీ మెడకి తెలియని ఉన్ని ఉంటుందా!"

అందరూ దారి ఇచ్చారు. సాలీడు కండె అందించాడు. మణికట్టు బాగుపడింది, ఒక చేత్తో తోశాడు. అంటే యాక్రిలిక్. జవాబు చేతిలో ఉంది. ఎప్పటిలా ఆనించి చెప్పేస్తే అయిపోయేది, పైగా నిజమే అయ్యేది. పెద్దమ్మ పోగు లాగింది. మెడ దాకా తీసుకెళ్ళింది. అక్కడే ఆగిపోయింది.

"అగ్గిపెట్టె ఉందా?" అంది.

సాలీడుకి వినబడలేదనుకుని మళ్ళీ అడిగింది, గట్టిగా. ఎవరో నవ్వారు, వేళాకోళం అనుకుని. ఆయన పళ్ళెం ముందుకి జరిపాడు. మొదటి పుల్ల విరిగింది. రెండోది వెలిగింది. పోగు కొస ముడుచుకుని, కరిగి, నల్లపూసైంది.

"ప్లాస్టిక్కు" అంది పెద్దమ్మ. "ఆ పన్నెండూ కూడా ఇదే."

"ఏ పన్నెండు?" అంది టీచరుగారు.

"మీ పిల్లలవి. నేను ఉన్ని అన్నాను. నాకు తెలియలేదు. తెలియడం లేదని మాత్రం తెలుసు, ఏడాది నుంచీ. ఆవిడ కాల్చి చూద్దామంది, నేను తిట్టాను. మొదటిది పాడవగానే ఆపేద్దామంది, నేను అన్నీ చెయ్యమన్నాను. ఇస్త్రీలో పోలేదండీ. నా వల్ల పోయాయి."

ఆ ఏడాదిలో తన మాట మీద దారం కొన్నవాళ్ళు ముగ్గురు అక్కడే ఉన్నారు. ఒకావిడ తన సంచీలోకి తొంగిచూసుకుంది.

టీచరుగారు మంచి మనిషి కాబట్టి మంచివాళ్ళు చేసేదే చేసింది. "పోనీలెండి, అయిపోయిందిగా. మీరు అంత బాధపడకండి" అంది.

"మీరు పోనిస్తే ఎలాగండీ? పోయింది ఆవిడకి" అంది పెద్దమ్మ.

తప్పు ఒప్పుకుంటే గుండె తేలికవుతుందని రాస్తారు. పెద్దమ్మకి కాలేదు. ఇంటికొచ్చి మిషను మీద గుడ్డ కప్పి, మూడు రోజులు వంటగదిలోనే తిరిగింది. నాలుగోరోజు గుండీలమ్మ దగ్గరికి వెళ్ళింది.

గుండీలమ్మ అప్పటికి ఒక చలువ కొట్టులో పనికి కుదిరింది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే చోటు. పొడుగాటి బల్ల, గోడ వెంట తెల్లటి మడతల గుట్టలు. పెద్దమ్మని చూసి పెట్టె నిలబెట్టింది.

"దుప్పట్లకి గుండీలుండవు కదా అక్కా, గొడవ లేదు" అంది, కూర్చోమనకుండా.

"కొట్టులో చెప్పేశానే."

"తెలుసు. దర్జీ వాళ్ళావిడ వచ్చి చెప్పింది. అగ్గిపెట్టె అడిగారంటగా."

"మూడు నెలలు పట్టింది."

"లెక్క నాకూ తెలుసు."

మళ్ళీ గుండీలమ్మే అంది. "మీ మెడకి తెలియడం లేదని నాకెప్పుడో తెలుసక్కా. అంతకుముందు చలికాలం ఒక దారం ఉన్ని అన్నారు, నాకు వేళ్ళకి తేడాగా అనిపించి తుంట ఇంటికి తీసుకెళ్ళి కాల్చాను. పూసైంది. అప్పటి నుంచీ ప్రతిదీ కాల్చి చూసేదాన్ని. కానివాటికి ఇస్త్రీ వద్దనేదాన్ని."

"దిండులోకి అన్నావు!"

"మా ఇంట్లో దిండు చూశారా మీరెప్పుడైనా? ఇంటికే రాలేదుగా."

ఏడాదిపాటు ఒక్క స్వెటరు పాడవకుండా నడిచిందంటే సాలీడు చేతుల వల్లనో, తన తెలివి వల్లనో అనుకుంది పెద్దమ్మ. కాదు, కొంగున ముడేసిన తుంటల వల్ల. తనని ఏడాదిపాటు కాపాడిన మనిషిని తను ఒక్క పూట కాపాడలేకపోయింది. ఇది చెప్పేటప్పుడు పెద్దమ్మ నా మొహం చూడలేదు.

"మరి ఆ రోజు ఎందుకు నోరెత్తలేదే, ఆవిడ అడిగినప్పుడు?"

"మీరు చెప్తారనుకున్నాను" అంది గుండీలమ్మ.

బల్ల మీద దుప్పటి సగం పరిచి ఉంది. గుండీలమ్మ దాన్ని సరిచేస్తూ, "ఆ పన్నెండూ ఏం చేశారు?" అంది.

"దాచాను."

"చచ్చినవాటిని దాచి ఏం చేస్తారు? గుండీలు మాత్రం నావి. ఆ చెక్కవి మళ్ళీ దొరకవు. తెచ్చివ్వండి."

మర్నాడు పొద్దున్న పెద్దమ్మ కిటికీ దగ్గర కూర్చుంది. పన్నెండు మీగడరంగు స్వెటర్లు, డెబ్బై రెండు గుండీలు. కత్తెర ఆ నాలుగు చుట్ల కిందికి దూరలేదు. లాగితే బట్ట సాగింది తప్ప గుండీ కదల్లేదు. ఇంకా లాగితే బట్టే చిరిగింది. పెద్దనాన్న తన సన్నటి కత్తెర తెచ్చి పక్కన పెట్టి, ఈసారి మాట విసరకుండా వెళ్ళిపోయాడు. అన్నీ అయ్యేసరికి సాయంత్రమైంది. చాలా గుండీలకి అంటుకుని చిరిగిన అల్లిక పీలికలు వచ్చేశాయి.

డబ్బాలో పోసి తీసుకెళ్ళింది. గుండీలమ్మ వాటిని బల్ల మీద పోసుకుని, పీలిక ఉన్న గుండీ ఒకటి తీసి, చూపుడువేలి గోటితో ఎక్కడో నొక్కి దారాన్ని ఒక్క లాగు లాగింది. నాలుగు చుట్లూ విడిపోయాయి.

"దీనికి కొస ఉంటుందక్కా. ఎలా తీయాలో అడగొచ్చుగా."

"అడగడం ఇప్పుడే నేర్చుకుంటున్నానే" అంది పెద్దమ్మ.

గుండీలమ్మ గుండీలు డబ్బాలోకి ఎత్తి, ఇంకో దుప్పటి పరిచింది. అది వెడల్పుది, అవతలి అంచు బల్ల మీంచి జారుతోంది. పెద్దమ్మ వెళ్ళి పట్టుకుంది. గుండీలమ్మ వద్దనలేదు. పనిలోకి తిరిగి వస్తాననీ అనలేదు, ఈ రోజుకీ రాలేదు. అంచు అలా పట్టుకుని పెద్దమ్మ చీకటి పడేదాకా నిలబడింది.

దీన్ని రాజీ అని రాయాలని నాకూ ఉంది. కాదు. దుప్పటి పెద్దది, అంతే.